కెమెరాకు కొత్త మోడల్ వచ్చింది: పాతది మార్చాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

కెమెరా కొని రెండేళ్లు తిరగకముందే అదే పేరు పక్కన ఒక అంకె పెంచుకుని కొత్త మోడల్ విడుదలవుతుంది. నిన్నటిదాకా బాగానే పనిచేసిన కెమెరా ఒక్కరోజులో పాతబడిపోయినట్టు అనిపిస్తుంది. దాన్ని అమ్మి కొత్తది తీసుకోవాలా, తర్వాతి మోడల్ దాకా ఆగాలా అని పాఠకులు నన్ను పదేపదే అడుగుతున్నారు. అడిగేవారి కెమెరాలు వేరైనా ప్రశ్న ఒకటే కనుక, ఎవరికి వారే రెండు మూడు రోజుల్లో తేల్చుకోగల పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. కొత్త కెమెరా ప్రకటన చదవడం దగ్గర కాకుండా, మీరు ఇప్పటికే తీసిన ఫొటోలను లెక్కపెట్టడం దగ్గర అసలు పని జరుగుతుంది. కొంచెం ఓపిక కావాలి కానీ, దీనికి పెద్ద సాంకేతిక జ్ఞానం అక్కరలేదు.

మీ కెమెరా బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైపోయి ఉంటే మొదటి ఐదు దశలూ వదిలేసి, నేరుగా ఆరో దశకు వెళ్లండి.

కావలసినవి

- గత ఏడాదిలో మీరు తీసిన ఫొటోలు, చెడిపోయినవాటితో సహా. చెడిపోయినవాటిని వెంటనే చెరిపేసే అలవాటు మీకు ఉంటే, ముందు ఒక నెలపాటు ఏదీ చెరపకుండా తీసి, ఆ తర్వాత ఈ పని మొదలుపెట్టండి.
- ప్రతి ఫొటోలో నమోదై ఉండే షట్టర్ స్పీడ్ (వెలుగు లోపలికి వచ్చే సమయం), అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), ఫోకల్ లెంగ్త్ (దృశ్యాన్ని లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే కొలత) వివరాలను చూపించే సాఫ్ట్‌వేర్ ఏదైనా.
- ట్రైపాడ్. లేకపోతే కదలని బల్ల, దానిమీద కెమెరాను ఆనించడానికి గట్టి పుస్తకాలు.
- మీ కెమెరాకూ కొత్త కెమెరాకూ తయారీదారు ప్రకటించిన పూర్తి సాంకేతిక వివరాల పట్టికలు.
- ఒక నోటుపుస్తకం.
- ఏడో దశ కోసం, ఒకటి రెండు రోజులు కొత్త కెమెరా. అద్దెకు తెచ్చుకోవచ్చు, తెలిసినవారి దగ్గర అడిగి తీసుకోవచ్చు.

1. మీ కెమెరా వరుస ఎన్నేళ్లకోసారి మారుతోందో రాసుకోండి

తయారీదారులు కెమెరాలను వరుసలుగా విభజించి అమ్ముతారు, ఒక్కో వరుస ఒక్కో వేగంతో మారుతుంది. మీ కెమెరా ఏ వరుసలోదో గుర్తించి, అందులో ఇంతవరకు వచ్చిన మోడళ్లనూ విడుదలైన సంవత్సరాలనూ ఒకదాని కింద ఒకటి రాయండి. కెనన్ 5డీ వరుసలో కెమెరాలు 2005, 2008, 2012, 2016 సంవత్సరాల్లో వచ్చాయి, అంటే మూడు నాలుగేళ్లకొకటి. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ1 నుంచి ఎక్స్-టీ5 దాకా 2014, 2016, 2018, 2020, 2022లలో రెండేళ్లకొకటి చొప్పున వచ్చాయి. జేబులో పట్టే సోనీ ఆర్‌ఎక్స్100 అయితే 2012 నుంచి 2016 వరకు ఏటా ఒక కొత్త మోడల్‌తో కనిపించింది. అదే సోనీ ఏ7 వరుసలో మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒక్క ఏడాది తేడా ఉండగా, మూడోదాని కోసం 2014 నుంచి 2018 దాకా ఆగవలసి వచ్చింది.

ఈ జాబితా వల్ల మీకు తెలిసేది ఒకటే: కొత్త మోడల్ రావడం మీ కెమెరాలో లోపం బయటపడినందువల్ల జరగలేదు, ఆ వరుస మారే సమయం వచ్చినందువల్ల జరిగింది.

హెచ్చరిక: ఈ జాబితాను బట్టి తర్వాతి మోడల్ ఎప్పుడు వస్తుందో ఖాయంగా చెప్పవచ్చని అనుకోకండి. జపాన్‌లోని కెమెరా ఉత్పత్తిదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం, 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు తయారీదారుల నుంచి అమ్మకానికి వెళ్లగా, 2020 నాటికి ఆ సంఖ్య 90 లక్షలకు లోపే ఉంది. చౌక కెమెరాల స్థానాన్ని ఫోన్లు తీసుకున్నాక ఏటా మోడల్ మార్చే ఊపు చాలావరకు తగ్గింది, కొన్ని వరుసలు పూర్తిగా ఆగిపోయాయి కూడా. అందువల్ల వచ్చే ఏడాది ఇంకా మంచిది వస్తుందేమోనని ఎదురుచూస్తూ, నిజంగా అవసరమైన కెమెరా కొనకుండా ఆగిపోవడం కూడా పొరపాటే.

2. రెండు మోడళ్ల మధ్య మారిందేమిటో నాలుగు గళ్లలో రాయండి

నోటుపుస్తకంలో సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే చిప్), ఆటోఫోకస్, బాడీ (లెన్స్ కాక మిగతా కెమెరా), వీడియో అని నాలుగు గళ్లు గీసి, సాంకేతిక వివరాల పట్టికలను పక్కపక్కన పెట్టుకుని, తేడా ఉన్న అంశాలను మాత్రమే వాటిలో నింపండి. వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ), స్క్రీన్, బ్యాటరీ, కార్డు స్లాట్లు, బరువు ఇవన్నీ బాడీ గడిలోకి వస్తాయి. ప్రకటనలో వాడిన విశేషణాలను రాయకండి, కొలిచి చెప్పగల మార్పులనే రాయండి.

సెన్సర్ గడి ఖాళీగా మిగలడం మీరనుకున్నంత అరుదు కాదు. కెనన్ 550డీ, 600డీ, 650డీ, 700డీ కెమెరాలు 2010 నుంచి 2013 వరకు ఏడాదికొకటిగా వచ్చాయి; నాలుగింటిలోనూ ఉన్నవి 18 మెగాపిక్సెళ్లే. 600డీకి తిరిగే స్క్రీన్, 650డీకి టచ్‌స్క్రీన్ వచ్చాయి. వాడేవారికి అవి ఉపయోగపడే మార్పులే, కానీ ఒకే వెలుగులో, ఒకే లెన్స్‌తో, ఒకే సెట్టింగులతో నిశ్చల దృశ్యాన్ని తీస్తే ఆ నాలుగింటి ఫొటోలను విడదీసి గుర్తుపట్టడం కష్టం. నికాన్‌లో కూడా 2012 నాటి డీ3200 నుంచి 2018 నాటి డీ3500 దాకా నాలుగు మోడళ్లలోనూ 24 మెగాపిక్సెళ్లే ఉన్నాయి.

పెంటాక్స్ కే-1 విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2016లో వచ్చిన ఈ కెమెరాకు 2018లో మార్క్ 2 వచ్చినప్పుడు, తయారీదారైన రికో సంస్థ పాత కెమెరా ఉన్నవారి కోసం లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డును మార్చి ఇచ్చే సేవను కొంతకాలం అందించింది. 36 మెగాపిక్సెళ్ల సెన్సర్, బాడీ అలాగే ఉంచి బోర్డు మార్చితే కొత్త మోడల్‌తో సమానమైందంటే, రెండు తరాల మధ్య తేడా ఎక్కడ ఉందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఇలాంటి సేవ చాలా అరుదు, కానీ ఆ ప్రశ్న మాత్రం ఏ కెమెరాకైనా వేసుకోవచ్చు: ఇందులో ఏ భాగం మారింది?

హెచ్చరిక: గళ్లు నింపేటప్పుడు, కొత్త మోడల్‌లో లేకుండా పోయినవాటిని కూడా వెతికి రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. నికాన్ డీ3300లో ఉన్న బయటి మైక్రోఫోన్ సాకెట్, సెన్సర్‌ను శుభ్రపరిచే ఏర్పాటు రెండూ తర్వాత వచ్చిన డీ3400లో లేవు. సోనీ ఆర్‌ఎక్స్100 ఐదో మోడల్‌లో ఎఫ్/1.8 నుంచి మొదలయ్యే వెలుగైన లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) ఉండగా, ఆరో మోడల్‌లో దూరపు వస్తువులను అందుకునే జూమ్ కోసం దాన్ని ఎఫ్/2.8 నుంచి మొదలయ్యే లెన్స్‌గా మార్చారు. పగలు ప్రయాణాల్లో తీసేవారికి ఆరోది మేలైతే, రాత్రివేళ గదిలో తీసేవారికి ఐదోదే మేలు.

మరోవైపు, సెన్సర్ గడిని పక్కన పెట్టినా మార్పు పెద్దదై ఉండవచ్చు. సోనీ ఏ7 రెండో తరం ఒక్క ఛార్జింగ్‌తో సీపా కొలత ప్రకారం సుమారు 350 ఫొటోలు తీయగా, మూడో తరం సుమారు 700 తీస్తుంది. రోజంతా సాగే కార్యక్రమాలను తీసి బతికేవారికి ఈ ఒక్క కారణమే చాలు.

3. చెడిపోయిన ఫొటోలను కారణాల వారీగా లెక్కపెట్టండి

మొత్తం పద్ధతిలో ఇదే ముఖ్యమైన దశ కనుక, ఒక పూట పూర్తిగా దీనికే కేటాయించండి. గత ఏడాదిలో మీరు ఫొటోలు తీసిన ఐదు వేర్వేరు సందర్భాలను ఎంచుకోండి. ఒక్కో సందర్భం నుంచి వరుసగా 40 ఫొటోలు, ఏదీ ఏరకుండా, తీసుకోండి. అలా వచ్చిన 200 ఫొటోలను తెరమీద పూర్తి సైజులో చూసి, మీకు నచ్చనివాటిని పక్కన పెట్టి, ప్రతిదానికీ కింది కారణాల్లో ఒకటి రాయండి.

- ఫొటో అంతా, గోడలూ చెట్లతో సహా, ఒకే దిక్కుకు జరిగినట్టు మసకగా ఉంటే మీ చేయి కదిలింది.
- వెనక ఉన్న కదలని వస్తువులు స్పష్టంగా ఉండి, మనిషో జంతువో మాత్రమే చెదిరినట్టుంటే, ఎదుటివారు కదిలారు, షట్టర్ స్పీడ్ సరిపోలేదు.
- మీరు కోరుకున్న ముఖం మసకగా ఉండి, దాని ముందో వెనకో ఉన్న ఇంకేదో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది.
- ఎక్కడా స్పష్టత లేకుండా, ఏ దిక్కుకూ జరగకుండా, ఫొటో అంతా పాలిపోయినట్టు మెత్తగా ఉంటే, ముందు లెన్స్ అద్దం మీద వేలిముద్రలో, తేమో ఉన్నాయేమో చూడండి.
- స్పష్టంగానే ఉండి నాయిస్ (ఫొటో నిండా గింజల్లా కనిపించే చుక్కలు) ఎక్కువైతే, ఆ ఫొటో ఐఎస్‌ఓ ఎంతో పక్కనే రాయండి.
- మేఘాలు పూర్తిగా తెల్లబడడం, నీడలు పూర్తిగా నల్లబడడం అయితే ఎక్స్‌పోజర్ తప్పు.
- అసలు క్షణం దాటిపోయి ఉంటే, కెమెరా ఆలస్యం చేసిందా, మీరు ఆలస్యంగా నొక్కారా అన్నది గుర్తున్నంతవరకు రాయండి.
- సాంకేతికంగా అన్నీ బాగుండి, వెలుగో కూర్పో నచ్చకపోతే దాన్ని వేరే గుంపుగా ఉంచండి.

ఇప్పుడు ఒక్కో గుంపుకు మందు ఏమిటో చూడండి. మొదటి గుంపుకు షట్టర్ స్పీడ్ పెంచడమో, ట్రైపాడ్ వాడడమో, కదలికను అదుపు చేసే స్టెబిలైజేషన్ ఉన్న లెన్సో బాడీయో పనికొస్తుంది. రెండో గుంపుకు స్టెబిలైజేషన్ ఏ మాత్రం పనికిరాదు, ఎందుకంటే అది మీ చేతి కదలికను ఆపగలదు కానీ ఎదుటివారి కదలికను ఆపలేదు. దానికి షట్టర్ స్పీడ్ పెంచాలి, అంటే ఎక్కువ వెలుగైనా కావాలి, వెలుగైన లెన్సైనా కావాలి, లేదా ఎక్కువ ఐఎస్‌ఓను భరించాలి. ఫోకస్ తప్పిన గుంపు పెద్దదైతే, అందులో కదిలేవాటి ఫొటోలు ఎన్నో విడిగా లెక్కపెట్టండి. పరుగెత్తే పిల్లలు, ఎగిరే పక్షులు, ఆటగాళ్లు అందులో ఎక్కువగా ఉంటే, కళ్లను గుర్తించి వెంబడించే కొత్త ఆటోఫోకస్ నిజంగా తేడా చూపిస్తుంది. గత పదేళ్లలో కెమెరాల్లో ఎక్కువగా మెరుగుపడింది ఇదేనని నా అభిప్రాయం. కదలకుండా కూర్చున్నవారి ఫొటోల్లో కూడా ఫోకస్ తప్పుతుంటే కారణం వేరు. దాన్ని ఐదో దశలో చూద్దాం.

ఈ లెక్కను నేను ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. ఇంట్లో తీసిన ఫొటోలు మసకగా వస్తున్నాయని ఒకసారి అదే వరుసలో తర్వాతి బాడీ కొన్నాను. మూడు నెలల తర్వాత ఫొటోల వివరాలు తెరిచి చూస్తే, పాత కెమెరాలోనూ కొత్త కెమెరాలోనూ చెడిపోయినవి చాలావరకు పిల్లలు ఆడుకుంటుండగా సెకనులో 60వ వంతు షట్టర్ స్పీడ్‌తో తీసినవే. సెకనులో 250వ వంతుకు తగ్గకుండా అమర్చుకున్నాక రెండు కెమెరాల్లోనూ ఫొటోలు ఒకేలా బాగుపడ్డాయి. ఆ లెక్క ముందే వేసుకుని ఉంటే ఆ డబ్బు మంచి లెన్స్‌కు వెళ్లేది.

తరచుగా చేసే పొరపాటు: బాగా వచ్చిన ఫొటోలను మాత్రమే చూసి కెమెరా చాలునని అనుకోవడం, లేదా ఒక ముఖ్యమైన రోజున చెడిపోయిన రెండు ఫొటోలనే తలుచుకుని కెమెరా పనికిరాదనుకోవడం. వరుసగా 200 చూడమన్నది ఈ రెండింటి నుంచీ తప్పించడానికే.

4. మెగాపిక్సెళ్లను పొడవు వెడల్పుల్లోకి మార్చి చూడండి

మెగాపిక్సెళ్లు విస్తీర్ణానికి కొలత. కంటికి కనిపించే వివరం మాత్రం పొడవు వెడల్పుల వెంట పెరుగుతుంది. అందుకే ఫొటో పొడవు రెట్టింపు కావాలంటే మెగాపిక్సెళ్లు నాలుగు రెట్లు కావాలి. సోనీ ఏ7 మూడో తరంలోని 24 మెగాపిక్సెళ్లు నాలుగో తరంలో 33 అయినప్పుడు, సంఖ్య మూడో వంతుకు పైగా పెరిగినట్టు కనిపించినా, ఫొటో పొడవు సుమారు 6000 పిక్సెళ్ల నుంచి 7000 పిక్సెళ్లకు, అంటే 17 శాతం మాత్రమే పెరిగింది.

మీ ఫొటోలు చివరికి ఎక్కడ కనిపిస్తాయో రాసుకోండి. 4కే తెరకు కావలసింది 3840 × 2160 పిక్సెళ్లు, అంటే సుమారు 8.3 మెగాపిక్సెళ్లు. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో అచ్చు వేయడానికి సుమారు 8.7 మెగాపిక్సెళ్లు చాలు. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ చూసుకుని, అప్పుడప్పుడు ఏ4 సైజులో అచ్చు వేయించుకునేవారికి 24 తర్వాత పెరిగే అంకెల వల్ల కలిగే లాభం దాదాపు లేదు.

ఒక సందర్భం మాత్రం వేరు. దూరంగా ఉన్న పక్షిని తీసి, ఫొటోలో సగం పొడవు, సగం వెడల్పు మాత్రమే ఉంచుకుంటే, 24 మెగాపిక్సెళ్లలో మిగిలేది 6. అలా కత్తిరించవలసిన అవసరం మీ 200 ఫొటోల్లో తరచుగా వచ్చి ఉంటే, 45 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీకు పనికొస్తుంది. అయితే అంత వివరాన్ని అందించగల లెన్స్, చేయి కదలని తీరు రెండూ తోడుంటేనే అది ఫలిస్తుంది.

5. బాడీ మార్చకుండా సరిదిద్దగలవన్నీ ముందు సరిదిద్దండి

మూడో దశలో పెద్దదిగా తేలిన గుంపును బట్టి, కింది వాటిలో మీకు సరిపోయేవి చేసి, మళ్లీ 100 ఫొటోలు తీసి లెక్కపెట్టండి.

అన్నిటికంటే ముందు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కొత్తది ఉందేమో చూడండి, దానికి ఖర్చేమీ లేదు. కెనన్ 7డీకి విడుదలైన మూడేళ్లకు, 2012లో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో, ఆగకుండా వరుసగా తీయగల రా ఫొటోల (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా, సెన్సర్ నుంచి వచ్చినట్టే దాచేవి) సంఖ్య 15 నుంచి 25కు పెరిగింది. నికాన్ జడ్6, జడ్7 కెమెరాలకు కళ్లను గుర్తించే ఆటోఫోకస్ 2019లో ఫర్మ్‌వేర్ ద్వారానే వచ్చింది. హెచ్చరిక: తయారీదారు అధికారికంగా ఇచ్చిన, సరిగ్గా మీ మోడల్‌కు చెందిన ఫైలునే వాడండి. బ్యాటరీ నిండుగా ఛార్జ్ చేసి మొదలుపెట్టండి, మధ్యలో కెమెరాను ఆపకండి.

కదలనివారి ఫొటోల్లో ఫోకస్ తప్పుతున్న డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మీ దగ్గర ఉంటే, ట్రైపాడ్ మీద పెట్టి, అదే వస్తువును పదిసార్లు వ్యూఫైండర్ ద్వారా, పదిసార్లు లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీయడం) ద్వారా ఫోకస్ చేసి తీయండి. లైవ్ వ్యూలో సరిగ్గా వచ్చి, వ్యూఫైండర్‌తో మాత్రం ప్రతిసారీ ఒకే వైపు తప్పుతుంటే, అది ఫోకస్ అమరిక తేడా. కొన్ని కెమెరాల మెనూలో దాన్ని మీరే సరిదిద్దుకోవచ్చు, లేకపోతే సర్వీసు కేంద్రంలో సరిచేస్తారు. అటూ ఇటూ ఎటుపడితే అటు తప్పుతుంటే, ఫోకస్ బిందువును ఎంచుకోవడం కెమెరాకే వదిలేసి ఉండవచ్చు. బిందువును మీరే ఎంచుకుని మళ్లీ ప్రయత్నించండి.

నాయిస్ గుంపు పెద్దదైతే రెండు మార్గాలున్నాయి. మొదటిది సాఫ్ట్‌వేర్. రా ఫైళ్లు దాచుకుని ఉంటే పాత ఫొటోలకు కూడా కొత్త సాఫ్ట్‌వేర్ లాభం అందుతుంది. అడోబీ లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన కృత్రిమ మేధ ఆధారిత నాయిస్ తగ్గింపు అలాంటిదే. రెండోది లెన్స్, నా దృష్టిలో ఇదే బలమైనది. కెమెరాతోపాటు వచ్చే 18–55 కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ దానికంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుగును లోపలికి రానిస్తుంది, అంటే ఐఎస్‌ఓ 6400 అవసరమైన చోట 800 సరిపోతుంది. ఒకే సైజు సెన్సర్‌తో వచ్చిన తర్వాతి తరం బాడీ ఏదీ ఇంత తేడా ఇవ్వదు, ఎందుకంటే మసక వెలుగులో కనిపించే నాయిస్‌లో ఎక్కువ భాగం సెన్సర్‌కు అందిన వెలుగు తక్కువైనందువల్ల వచ్చేదే. గుర్తుంచుకోవలసింది ఒకటే: ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ నిలిచే మందం చాలా పలచగా ఉంటుంది. ముక్కు మీద ఫోకస్ చేస్తే కళ్లు మసకబారవచ్చు.

కెమెరా అరిగిపోయిందేమోనన్న భయంతో మార్చాలనుకునేవారు షట్టర్ కౌంట్ (షట్టర్ ఇంతవరకు ఎన్నిసార్లు పనిచేసిందో చెప్పే సంఖ్య) చూసుకోవాలి. తయారీదారులు చాలా మోడళ్లకు సుమారు లక్ష నుంచి రెండు లక్షల సార్ల వరకు షట్టర్ పనిచేసేలా పరీక్షించామని ప్రకటిస్తారు. ఆ సంఖ్య దాటిన మరునాడే అది ఆగిపోదు. ఆగిపోయినా, షట్టర్‌ను మాత్రమే మార్పించుకోవచ్చు.

6. బాడీ వెంట వచ్చే ఖర్చులన్నీ కలపండి

కొత్త బాడీ ధర ఒక్కటే చూసి లెక్క తేల్చకండి. కింది ప్రశ్నలకు జవాబులు రాసి, ఒక్కోదానికి అయ్యే ఖర్చు పక్కన వేయండి.

మీ లెన్స్‌లు కొత్త బాడీకి పడతాయా? కెనన్ 1987 నుంచి వాడిన ఈఎఫ్ మౌంట్ (లెన్స్‌ను బాడీకి బిగించే అమరిక), నికాన్ 1959 నుంచి వాడిన ఎఫ్ మౌంట్ నుంచి, ఆ రెండు సంస్థలూ 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం కొత్త మౌంట్లకు మారాయి. అడాప్టర్లు ఉన్నాయి, కెనన్ ఈఎఫ్ లెన్స్‌లు వాటితో ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ పాత లెన్స్‌లలో సొంత మోటారు లేనివి మాత్రం ఎఫ్‌టీజడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ చేయవు, చేత్తో తిప్పుకోవలసిందే. మీ దగ్గరున్న ప్రతి లెన్స్ పేరునూ తయారీదారు జాబితాలో వెతికి చూసుకోండి.

బ్యాటరీలు, కార్డులు పాతవే సరిపోతాయా? కొత్త కార్డు స్లాట్ వేరే రకమైతే, కార్డు రీడర్ కూడా కొత్తది కావాలి.

కంప్యూటర్ తట్టుకుంటుందా? కుదించని రా ఫైలు 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో సుమారు 50 మెగాబైట్లు ఉంటే, 61 మెగాపిక్సెళ్ల కెమెరాలో 120 మెగాబైట్ల దాకా ఉంటుంది. నిల్వకు కావలసిన డిస్కులు, వాటి నకళ్లు అన్నీ అదే లెక్కన పెరుగుతాయి. పాత సాఫ్ట్‌వేర్ కొత్త కెమెరా రా ఫైళ్లను తెరవలేకపోవడం కూడా మామూలే. దానికి ప్రత్యామ్నాయంగా, ఫైళ్లను ముందుగా డీఎన్‌జీ (చాలా సాఫ్ట్‌వేర్లు తెరవగల రా ఫైలు రకం) రూపంలోకి మార్చుకుని తెరవవచ్చు.

ఈ మొత్తంలోంచి పాత కెమెరాకు వచ్చే ధరను తీసేయండి. మిగిలిన అంకెను, ఐదో దశలో మీకు పనికొస్తుందని తేలిన లెన్స్ ధర పక్కన రాయండి. ఒకటి లేదా రెండు తరాల కిందటి బాడీని, వాడినదే అయినా బాగున్నదాన్ని, కొనడం మరో మార్గం. కొత్త మోడల్ విడుదలైన వెంటనే పాత తరం ధర తగ్గుతుంది కనుక, మోడళ్లు తరచుగా మారడం వల్ల నిజంగా లాభపడేది ఇలా కొనేవారేనని నేను నమ్ముతాను.

7. రెండు కెమెరాలనూ పక్కపక్కన పరీక్షించండి

ఇంతవరకు కొత్త బాడీయే కావాలని తేలితే, కొనేముందు దాన్ని తెచ్చుకుని ఈ పరీక్ష చేయండి.

మొదట కదలని వస్తువులతో చేయండి. పుస్తకాల అర వంటి వివరాలున్న దృశ్యం ముందు ట్రైపాడ్ నిలిపి, వీలైతే రెండు బాడీలకూ ఒకే లెన్స్ పెట్టండి. ఐఎస్‌ఓ 100, 1600, 6400 దగ్గర ఒక్కో జత ఫొటోలు, రా ఫైళ్లుగా తీయండి; ప్రతి జతలోనూ రెండు కెమెరాలకూ ఒకే అపర్చర్, ఒకే షట్టర్ స్పీడ్, ఒకే ఐఎస్‌ఓ ఉండాలి. రెండు సెకన్ల టైమర్ వాడితే వేలి తాకిడికి కెమెరా కదలదు.

పోల్చేటప్పుడు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. రెండింటినీ 100 శాతం పెద్దవి చేసి చూస్తే, ఎక్కువ మెగాపిక్సెళ్ల ఫొటో ఎక్కువ పెద్దదై, అందులో నాయిస్, మసక రెండూ ఎక్కువున్నట్టు కనిపిస్తాయి. అందువల్ల ముందు రెండింటినీ పిక్సెళ్లలో ఒకే పొడవు వెడల్పులకు తగ్గించండి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టండి. జేపెగ్‌లను పోల్చకండి, అవి కెమెరా లోపలి పదును, రంగుల అమరికల తేడాను చూపిస్తాయి, ఆ అమరికలను మీ పాత కెమెరాలో కూడా మార్చుకోవచ్చు.

ఆ తర్వాత ఇంట్లో ఒకరితో ఫైళ్ల పేర్లు మార్పించి, ఏది ఏ కెమెరాదో తెలియకుండా మీరు మామూలుగా చూసే తెర మీద, మామూలు దూరం నుంచి చూసి, మేలైనదాన్ని ఎంచండి. ఇలా కనీసం 20 జతలు చేయండి. కొత్త కెమెరాను మీరు సగం సార్లకు అటూ ఇటూగా మాత్రమే ఎంచుకున్నట్టయితే, ఆ తేడా మీ కంటికి అందడం లేదని అర్థం. పేరు తెలిసి చూసినప్పుడు కొత్తదే మేలుగా కనిపించడం మనిషి సహజం, అందుకే ఈ జాగ్రత్త.

మూడోది, మీ ఫొటోలను ఎక్కువగా చెడగొట్టిన పరిస్థితినే మళ్లీ కల్పించడం. కదిలేవాటి మీద ఫోకస్ తప్పుతుంటే, ఒకరిని మీవైపు పరుగెత్తుకు రమ్మని, ఒక్కో కెమెరాతో 50 ఫొటోలు తీసి, కళ్లు స్పష్టంగా ఉన్నవాటిని లెక్కపెట్టండి. వీడియో కోసం అయితే, మీరు మామూలుగా తీసే నిడివి మొత్తం ఆపకుండా తీసి, కెమెరా వేడెక్కి ఆగుతుందేమో చూడండి. వీడియో తీసేవారి విషయంలో తరాల మధ్య తేడా ఫొటోల్లో కంటే తరచుగా పెద్దది. ఏ7 మూడో తరం 8 బిట్లలో (రంగు ఛాయలు ఎన్ని నమోదవుతాయో చెప్పే కొలత) మాత్రమే రికార్డు చేయగా, నాలుగో తరం 10 బిట్లలో చేస్తుంది. తర్వాత రంగులు సరిదిద్దుకునేవారికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

8. నిర్ణయించి, ఆ తర్వాత కూడా సరిచూసుకోండి

మూడో దశలో పెద్దదిగా తేలిన గుంపుకు కారణం బాడీయే అయి, ఐదో దశలోని మార్గాలు దాన్ని సగానికైనా తగ్గించలేకపోయి, ఏడో దశలో కొత్త బాడీ స్పష్టంగా తగ్గించి ఉంటే, మార్చండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ మోడల్‌ను వదిలేయండి. పిడి మీ చేతికి నొప్పి కలిగిస్తున్నా, వ్యూఫైండర్ మీ కంటికి సరిపడకపోయినా అది కూడా న్యాయమైన కారణమే. అయితే దాన్ని ఫొటో నాణ్యత పేరుతో కాకుండా, అదే పేరుతో రాసుకోండి.

కొన్నాక మొదటి వారంలోనే, వాపసు గడువు ఉన్నచోట అది ముగిసేలోపు, మీ లెన్స్‌లన్నీ పెట్టి తీసి చూడండి. కార్డు స్లాట్లు, బటన్లు, స్క్రీన్ అన్నీ పరీక్షించండి. తెల్లని గోడను ఎఫ్/16 దగ్గర, ఫోకస్ తప్పించి తీస్తే సెన్సర్ మీద దుమ్ము ఉంటే మచ్చలుగా కనిపిస్తుంది. పాత బాడీని వెంటనే అమ్మకండి.

మూడు నెలలు గడిచాక మళ్లీ ఐదు సందర్భాల నుంచి వరుసగా 200 ఫొటోలు తీసుకుని, అవే గుంపులుగా లెక్కపెట్టి, పాత లెక్క పక్కన రాయండి. పెద్ద గుంపు సగానికి తగ్గి ఉంటే పాత బాడీని అమ్మవచ్చు. తగ్గకపోతే, రెండింటిలో మీకు ఎక్కువ ధర వచ్చేదాన్ని అమ్మి, మిగిలినదానితో ఐదో దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.